పూరణకర్త సంతకం: ఆంధ్ర మహాభాగవతం ఆధారంగా శ్రమ, చౌర్యం, కర్తృత్వాల పరిశీలన

వ్యాససంగ్రహం:

మరొకరి రచనను తనదిగా చూపడం ఎంత సులువో, మరొకరు విడిచిన రచనను వారి స్థాయికి తగినట్టు పూర్తిచేయడం అంత కష్టం. తెలుగు సాహిత్యంలో ఈ రెండో పనికి సుదీర్ఘమైన చరిత్ర ఉంది. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన, పోతన పేరిట ప్రసిద్ధమైన భాగవతంలో నాలుగు స్కంధాలను గంగన, సింగన, నారయ పూరించారు. వీరు తమ పనిని ఎలా చేశారు, తమ పేరును ఎక్కడ చెప్పుకున్నారు అనే విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆలంకారికులు సాదృశ్యాన్ని కొలిచిన పద్ధతిని, నేటి పరిశోధనలో సాదృశ్య శాతాన్ని కొలిచే పద్ధతిని పక్కపక్కన పెట్టి చూస్తుంది.

కీలక పదాలు: పోతన, పూరణకర్తలు, సహజ పాండిత్యం, సంవాదం, గ్రంథచౌర్యం, ఎఱ్ఱన, ఆశ్వాసాంత గద్య.

1. నేపథ్యం

మహబూబాబాద్ జిల్లాలోని నర్సింహులపేట నుంచి తొర్రూరు మీదుగా వెళ్తే జనగామ జిల్లా పాలకుర్తి వస్తుంది. అది పాల్కురికి సోమనాథుని ఊరు. ఆ మండలంలోనే పోతన పేరుతో ముడిపడిన బమ్మెర ఉంది. నర్సింహులపేటకు పొరుగునే దాశరథి సోదరులను కన్న చిన్నగూడూరు ఉంది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఇవన్నీ ఒకే వరంగల్ జిల్లాలోని గ్రామాలు. ఏకశిలానగరం అన్న ఒక్క పదాన్ని పట్టుకొని పోతన ఓరుగల్లు వాడా, ఒంటిమిట్ట వాడా అని పండితులు తరాల పాటు వాదించుకున్నారు. ఈ వ్యాసానికి ఆ వివాదంతో పని లేదు. అయితే ఈ ప్రాంతపు విద్యార్థి పోతనను చదవకముందే ఆయన గురించి రెండు కథలు వింటాడన్నది మాత్రం ఇక్కడ ముఖ్యం.

మొదటి కథలో పోతన రాజాశ్రయాన్ని కాదని పొలం దున్నుకొని బతుకుతాడు. రెండో కథలో గజేంద్రమోక్షం రాస్తూ వైకుంఠ వర్ణన దగ్గర పద్యం సాగక లేచి వెళ్తే, శ్రీరాముడే ఆయన రూపంలో వచ్చి ఆ పద్యాన్ని పూర్తిచేసి పోతాడు. ఈ రెండింటినీ ఒకే భక్తితో చెప్పుకోవడం అలవాటైపోయింది కాబట్టి వాటి మధ్య ఉన్న వైరుధ్యం కనిపించదు. మొదటిది కవి చేతికి నాగలిని ఇస్తుంది. రెండోది ఆ చేతిలోంచి గంటాన్ని తీసేసుకుంటుంది. తిండి గింజలు సొంత చెమటతో పండించుకున్న మనిషి పద్యాన్ని మాత్రం శ్రమ లేకుండా పొందాడని నమ్మడంలో, కవిత్వాన్ని ఒక పనిగా గుర్తించని దృష్టి ఉంది. ఆ దృష్టి పోతన విషయంలోనే ఆగలేదు. ఆయన తర్వాత పనిచేసిన ముగ్గురిని కూడా అది కప్పేసింది.

2. సహజ పాండిత్యం అంటే శ్రమ లేని పాండిత్యమా?

పోతన తన గద్యలలో సహజ పాండిత్యాన్ని బిరుదులా చెప్పుకున్నాడు. ఈ మాటను చదువులేమికి పర్యాయంగా తీసుకొని, గురుశుశ్రూష లేకుండానే ఆయనకు కవిత్వం అబ్బిందని చెప్పే వ్యాఖ్యానాలు వచ్చాయి. సహజమన్న విశేషణం పుట్టుకను చెబుతుంది గాని అభ్యాసం లేదని చెప్పదు. అది విశేషణంగా నిలిచినది పాండిత్యానికే కాబట్టి, చదువు అక్కడ ఉండనే ఉంది.

ఇంతకంటే బలమైన సాక్ష్యం గ్రంథావతారికలోనే దొరుకుతుంది. తనచేత పలికించేవాడు రామభద్రుడేనని పోతన చెప్పిన పద్యం ప్రతి వేదిక మీదా వినిపిస్తుంది. ఆ చోటనే మరో పద్యం ఉంది. భాగవతాన్ని తెలిసి చెప్పడం శివునికీ బ్రహ్మకూ సైతం కష్టమని అందులో అంటాడు. పండితుల వల్ల తాను విన్నది, తాను చూసినది, తనకు బోధపడినది ఎంతో, అంతమేరకే చెబుతానని తన హద్దు గీసుకుంటాడు. నేటి పరిశోధన పరిభాషలో చెప్పాలంటే ఇది ఆకరాల ప్రకటన, పరిమితుల ప్రకటన కూడా. దైవానికి ఇచ్చిన వాటా భక్తుడి మాట. పండితులకు ఇచ్చిన వాటా పనివాడి మాట. మొదటిదాన్నే ఉదాహరించి రెండోదాన్ని విడిచిపెట్టే విమర్శ పోతనను పొగుడుతున్నాననుకుంటూ ఆయన కష్టాన్ని తగ్గిస్తుంది. శ్రీధరస్వామి వ్యాఖ్యానాన్ని ఆయన అనుసరించాడన్న పరిశోధకుల నిర్ణయం కూడా ఈ పద్యం ఇచ్చే సాక్ష్యానికి అనుగుణంగానే ఉంది.

గజేంద్రమోక్షమే తీసుకుంటే, సంస్కృతంలో అష్టమ స్కంధం రెండో అధ్యాయం నుంచి నాలుగో అధ్యాయం వరకు సాగే కథ ఇది. ఏనుగుకూ మొసలికీ నడిచిన పెనుగులాటను మూలం సంగ్రహంగానే ముగిస్తుంది. పోతన అక్కడ నిలిచి, ఒకటి మడుగులోకి, మరొకటి గట్టుకు లాగడాన్ని ఒక కందంలో కట్టాడు. కరి, మకరి అన్న రెండు మాటలు అందులో స్థానాలు మార్చుకుంటూ ఒకదాన్నొకటి లాగుతున్నట్టే ఉంటాయి. కందానికి ఉన్నది 64 మాత్రల చోటు. అందులోనే ప్రాస, యతి, బేసి గణంలో జగణ నిషేధం, ఆరో గణానికి ప్రత్యేక నియమం. ఇంత ఇరుకులో నాలుగైదు అక్షరాలనే తిప్పి తిప్పి వాడుతూ అర్థం ఎక్కడా చెడకుండా, రెండు జంతువుల బలాబలాలు చెవికి అందేలా చేయడం ఒక్క ఊపులో జరిగే పని కాదు. ఆ పద్యం పసిపిల్లల నోట కూడా తడబడకుండా వస్తుంది. వినడానికి అంత సులువుగా ఉండటమే దాని వెనుక ఉన్న కష్టానికి గుర్తు. కాని ఆ సులువునే చూసి, రాయడం కూడా సులువనుకున్నారు.

3. ఆలంకారికుల కొలత

ఇద్దరు కవుల మాటలు కలిసినప్పుడు దాన్ని ఎలా తూచాలన్న ప్రశ్న అలంకారశాస్త్రానికి కొత్త కాదు. తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగో ఉద్ద్యోతంలో దీన్ని సంవాదం అన్న పేరుతో చర్చించాడు. ఒక రచన మరోదానికి అద్దంలో నీడలా ఉండవచ్చు. పటంలోని బొమ్మలా ఉండవచ్చు. లేదా ఇద్దరు మనుషుల దేహాలు పోలినట్టు ఉండవచ్చు. మొదటి రెండూ విడిచిపెట్టదగినవనీ, మూడోది ఆమోదయోగ్యమనీ అతని నిర్ణయం. నీడకు తనదైన ప్రాణం లేదు. బొమ్మకు ఉన్న ప్రాణం తుచ్ఛమైనది. పోలికలున్న మనిషికి మాత్రం తన ప్రాణం తనకుంది. ఇక్కడ గమనించవలసినది, ఎన్ని పదాలు కలిశాయన్న లెక్క ఆనందవర్ధనునికి పట్టలేదు. కలిసిన చోట కొత్త ప్రాణం ఉందా లేదా అన్నదే అతని కొలత.

రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ చర్చను హరణం అన్న సూటి పేరుతో విస్తరించాడు. శబ్దహరణం వేరు, అర్థహరణం వేరు. ఇతరుల సొత్తును కవులు వాడుకునే తీరును బట్టి ఉత్పాదకుడు, పరివర్తకుడు, ఆచ్ఛాదకుడు, సంవర్గకుడు అని నాలుగు తరగతులు చెప్పాడు. వీరిలో ఆచ్ఛాదకుడు ఎత్తుకున్నదాన్ని కప్పిపుచ్చేవాడు. ఈ సందర్భంలోనే రాజశేఖరుడు తన భార్య అవంతిసుందరి అభిప్రాయాన్నీ ఉటంకించాడు. ఇతరుల మాటలు తీసుకోవడానికి కవులు చెప్పగల సమర్థనలను ఆమె ఒక్కొక్కటిగా వినిపిస్తుంది. అతనికి పేరు లేదు, నాకు పేరుంది అన్నది అందులో మొదటిది. వెయ్యేళ్ల కింద చెప్పిన ఈ సాకు ఇప్పటికీ పాతబడలేదు.

తెలుగులో ఈ చర్చ అనువాదం దగ్గర ఎక్కువ నడిచింది. శృంగార నైషధం విన్న సంస్కృత పండితులు శ్రీనాథుణ్ణి ఎగతాళి చేస్తూ, నీ డుమువులు నువ్వు తీసుకొని మా నైషధం మాకిచ్చెయ్యి అన్నారని ఒక చాటు కథ. తెలుగు విభక్తి ప్రత్యయాలు తీసేస్తే మిగిలినదంతా శ్రీహర్షుడి సొత్తేనన్నది ఆ ఎత్తిపొడుపు. శ్రీనాథుడు మాత్రం తన కావ్యాన్ని శ్రీహర్ష కృతికి ఆంధ్రీకరణగానే చెప్పుకున్నాడు. శబ్దాన్ని ఎలా అనుసరించాడో, భావాన్ని ఎలా పట్టుకున్నాడో, అనౌచిత్యాన్ని ఎక్కడ తొలగించాడో కావ్యం చివర తానే వివరించాడు. కప్పిపుచ్చనివాణ్ణి ఆచ్ఛాదకుడనడానికి వీల్లేదు. మూలానికి అతిగా దగ్గరగా నడిచాడన్నది విమర్శ అవుతుంది, చౌర్యారోపణ కాదు. ఈ తేడాను చాటు కథ చెరిపేసింది.

ఆ తర్వాత ఐదు శతాబ్దాలకు పైగా గడిచాక చిన్నగూడూరు బిడ్డ దాశరథి కృష్ణమాచార్య ఉర్దూ నుంచి తెచ్చిన పుస్తకానికి గాలిబ్ గీతాలు అని పేరు పెట్టాడు. షేర్‌లోని రెండు పాదాల బిగువును తెలుగు పద్యంలోకి మార్చడం అచ్చమైన కవి చేయవలసిన పని. ఆ పద్యాలు చాలామందికి దాశరథి పద్యాలుగానే నోటికి వచ్చాయి. అయినా పుస్తకం పేరులో ముందున్నది గాలిబ్. ఆయన తమ్ముడు రంగాచార్య నాలుగు వేదాలను తెలుగులోకి తెచ్చిన పని కూడా ఈ కోవలోదే. సొంత నవలలతో పేరు తెచ్చుకున్న రచయిత మరొకరి మాటకు వాహకంగా నిలవడానికి ఏళ్లు వెచ్చించడాన్ని విమర్శకులు ఇంకా తగినంతగా లెక్కలోకి తీసుకోలేదు.

4. నన్నయ రాత్రులు, ఎఱ్ఱన ఉదయాలు

అనువాదకునికి కనీసం మూలం వేరే భాషలో ఉంటుంది. పూరణకర్తకు ఆ వెసులుబాటు లేదు. అతను అదే భాషలో, అదే గ్రంథంలో, పక్క పద్యంతోనే పోటీ పడాలి. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో నన్నయ రచన శరత్కాల రాత్రుల వర్ణనతో ఆగిపోయింది. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ లోటును అలాగే విడిచి విరాటపర్వంతో మొదలుపెట్టాడు. పద్నాలుగో శతాబ్దంలో, ప్రోలయ వేమారెడ్డి కాలంలో, ఎఱ్ఱన ఆ ఖాళీలోకి అడుగుపెట్టాడు.

అతను పెట్టిన మొదటి అడుగే గొప్ప విమర్శకుడి పని. నన్నయ రాత్రులను వర్ణించి ఆగాడు. ఎఱ్ఱన అదే శరత్తులో ఉదయాలను వర్ణిస్తూ ఆరంభించాడు. అరుణకాంతి, మబ్బు తొలగిన ఆకాశం, విచ్చుకునే తామరలు, హంసల, బెగ్గురుల, తుమ్మెదల చప్పుళ్లు. ఋతువు అదే, సంస్కృత సమాసాల నడక నన్నయదే, వేళ మాత్రం మారింది. నన్నయ పద్యంలోని ఒక్క పదబంధాన్నీ ఎత్తుకోకుండా నన్నయ గొంతును నిలబెట్టడం ఇది. ఆనందవర్ధనుని మాటలో ఇది తుల్యదేహి. పోలిక ఎంత దగ్గరిదో, ప్రాణం అంత వేరు.

ఆశ్వాసాంతాల్లో ఎఱ్ఱన తన ప్రభువును గాని, తన దైవాన్ని గాని సంబోధించలేదు. నన్నయ కృతిపతి రాజరాజనరేంద్రునే సంబోధించాడు. అంతటితో ఆగి ఉంటే అరణ్యపర్వ శేషం నన్నయ ఖాతాలో కలిసిపోయే ప్రమాదం ఉండేది. దాన్ని నివారించినవాడూ అతనే. పర్వం చివర తన పేరు చెప్పి, నన్నయ కవితా రీతి కొంత తోచేటట్టుగా, ఆయన రచనే అన్నట్టుగా ఈ శేషాన్ని పూరించానని ఒప్పుకున్నాడు. అనుకరణ పూర్తయ్యాక, ఇది అనుకరణ అని చెప్పాడు. ఆ పద్యంలో ‘కొంత’ అన్న మాట ప్రత్యేకంగా గమనించదగినది. పూర్తిగా తోచిందని అనే సాహసం చేయలేదు. అనుకరణలో తానెంత దగ్గరకు వచ్చాడో అతనికే బాగా తెలుసు.

5. నాలుగు స్కంధాలు, మూడు సంతకాలు

భాగవతం విషయంలో పూరణ ఎందుకు అవసరమైందన్నదానికి రకరకాల కథనాలున్నాయి. అంకితం దక్కని రాజు గ్రంథాన్ని పాతిపెట్టించాడనేది వాటిలో ఎక్కువ ప్రచారమైనది. కారణం ఏదైనా, పన్నెండు స్కంధాల్లో ఐదు, ఆరు, పదకొండు, పన్నెండు స్కంధాల గద్యల్లో పోతన పేరు కర్తగా లేదు. పంచమానికి గంగన, షష్ఠానికి సింగన, ఏకాదశ ద్వాదశాలకు వెలిగందల నారయ కర్తలుగా తమ పేర్లు చెప్పుకున్నారు.

వీరి కవిత్వం పోతన స్థాయిని అందుకోలేదన్నది సాహిత్య చరిత్రల్లో దాదాపు ఏకగ్రీవ తీర్పు. ఆ తీర్పులో కొంత నిజం ఉంది. కాని అది తూచిన తక్కెడను కూడా ఒకసారి చూడాలి. ధ్రువుడు, ప్రహ్లాదుడు, గజేంద్రుడు, వామనుడు, అంబరీషుడు, రుక్మిణి, కుచేలుడు, బాలకృష్ణుడు. తెలుగువాళ్లకు భాగవతం అనగానే గుర్తొచ్చే ఈ ఘట్టాలన్నీ పోతన స్కంధాల్లోనే ఉన్నాయి. గంగనకు దక్కినది పంచమ స్కంధం. సంస్కృతంలో అది చాలావరకు గద్యం. ప్రియవ్రతుడి వంశం, ఋషభుడు, జడభరతుడు వంటి కొన్ని కథలు మినహాయిస్తే ద్వీపాలు, సముద్రాలు, వర్షాలు, గ్రహాల దూరాలు, నరకాల జాబితా. భూగోళ ఖగోళ వివరాలను ఛందస్సులోకి తెచ్చి చదివించగలగడం వేరే రకం నైపుణ్యం. దాన్ని రుక్మిణీ కల్యాణంతో పక్కపక్కన పెట్టి తూచడం న్యాయం కాదు.

సింగన విషయం వేరు. అతనికి అజామిళోపాఖ్యానం ఉంది, వృత్రాసుర వధ ఉంది, చిత్రకేతూపాఖ్యానం ఉంది. అంటే పోతనతో సూటిగా పోల్చడానికి వీలైన కథావస్తువు ఉన్నవాడు ఇతనొక్కడే. అజామిళుడి కథలో సింగన ఆ పోలికకు నిలబడ్డాడు. చావు దగ్గర పడ్డ ముసలివాడు నారాయణ అని పిలిచింది దేవుణ్ణి కాదు, చిన్న కొడుకును. ఈ కథకు ఆయువుపట్టు ఆ మమకారమే. సింగన దాన్ని తొందరపడి భక్తిగా మార్చలేదు. విష్ణుదూతల, యమదూతల సంవాదం మొదలయ్యేదాకా ఆ పిలుపు తండ్రి పిలుపుగానే ఉంటుంది. పద్యం చదివి ఇది పోతనది కాదని చెప్పడం చాలామంది పాఠకులకు సాధ్యం కాదు. సాధ్యం కాదు కాబట్టే అతని సంతకానికి విలువ. తన పద్యం పోతన పద్యంగా చెల్లిపోతుందని తెలిసిన చోటనే అతను తన పేరు, తండ్రి పేరు, గోత్రం చెప్పుకున్నాడు. అంతేగాక పోతనను పేరు పెట్టి, కవులకు పట్టపురాజుగా తలచి మొక్కాడు. ఎవరి పనిని కొనసాగిస్తున్నాడో చెప్పడం, ఎక్కడినుంచి తన పని మొదలైందో చెప్పడం, ఈ రెండూ అతని దృష్టిలో ఒకే మర్యాద.

నారయ తనను పోతనామాత్యుని ప్రియశిష్యుడిగా చెప్పుకున్నాడు. ముగ్గురిలో పోతనకు అందరికంటే దగ్గరివాడూ అతనే, మూలాన్ని అందరికంటే ఎక్కువగా కుదించినవాడూ అతనే. 31 అధ్యాయాల ఏకాదశ స్కంధం, అందులోని శ్రీకృష్ణోద్ధవ సంవాదం, తెలుగులో మిక్కిలి సంక్షిప్తమైపోయింది. తత్త్వ భాగాన్ని తెలుగు పద్యం మోయలేదనుకున్నాడో, గురువు పని ఆగిపోకుండా త్వరగా ఒడ్డుకు చేర్చాలనుకున్నాడో చెప్పే ఆధారం గ్రంథంలో లేదు. దీన్ని లోపంగానే లెక్కించాలి. మూల భాగవతంలో ఆ స్కంధంలోనే అవధూత చెప్పిన ఇరవై నలుగురు గురువుల్లో బాణాలు చేసేవాడు ఒకడు. రాజు ఊరేగింపు పక్కనుంచి మేళతాళాలతో వెళ్లినా గమనించనంతగా చేతిలోని బాణంలో లీనమైనవాడు. అలాంటి ఏకాగ్రత నారయ స్కంధాల్లో తక్కువ. అయినా ఆ లోపం ఎవరిదో మనకు తెలుస్తోంది. అది పోతన మీద పడలేదు. నారయ సంతకం అతని గురువును కాపాడింది, తనను మాత్రం విమర్శకు అప్పగించింది.

ఇక్కడే సాహిత్య చరిత్రకారుల తీర్పుకు ఒక సవరణ అవసరం. ఈ ముగ్గురూ పేర్లు చెప్పుకోకుండా పోతన గద్యనే తమ స్కంధాల చివర పెట్టి ఉంటే, వారిని పోతనతో పోల్చి తక్కువ చేయడానికి ఎవరికీ అవకాశం ఉండేది కాదు. వారి పద్యాలు పోతన కీర్తి నీడలో హాయిగా బతికేవి. పోతన శైలి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చడానికి పరిశోధకులు ఇప్పటికీ కుస్తీ పడుతూ ఉండేవారు. వారిని తక్కువ చేసే తీర్పు సాధ్యమైంది వారి నిజాయితీ వల్లనే. తీర్పు చెప్పినవారు ఆ సంగతిని నమోదు చేయలేదు.

6. పద్నాలుగు పదాల లెక్క

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో గ్రంథచౌర్య నివారణ నిబంధనలను ప్రకటించింది. సాదృశ్యం 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం వరకు ఉంటే సిద్ధాంతవ్యాసాన్ని ఆరు నెలలకు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 వరకు ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతిని సమర్పించడానికి వీల్లేదు. 60 దాటితే నమోదు రద్దవుతుంది. సాధారణ జ్ఞానం, యాదృచ్ఛికంగా కలిసే మాటలు అన్న పద్దు కింద వరుసగా 14 పదాల వరకు మినహాయింపు ఉంది. 2019లో శోధశుద్ధి పథకం ద్వారా విశ్వవిద్యాలయాలకు సాదృశ్యాన్ని పట్టే సాఫ్ట్‌వేర్ అందింది. ఈ ఏర్పాట్లు అవసరమైనవే. మూల భావన స్వతంత్రంగా ఉండాలని, పరిశీలనల్లో, ఫలితాల్లో సాదృశ్యం ఉండరాదని ఆ నిబంధనలు చెబుతున్నాయి కూడా. కాని ఆచరణలో పరిశోధకుడి చేతికి వచ్చేది ఒక శాతం మాత్రమే, ఆ శాతం తెలుగులో దేన్ని కొలుస్తుందన్నది అడగవలసిన ప్రశ్న.

పైన ప్రస్తావించిన ఎఱ్ఱన తొలి పద్యం చంపకమాల. పాదానికి 21 అక్షరాల చొప్పున 84 అక్షరాలు. దాన్ని పదాలుగా విడదీస్తే పన్నెండు. అచ్చులో పదాలను విడగొట్టే పద్ధతిని బట్టి ఒకటి రెండు అటూ ఇటూ కావచ్చు. అంటే ఆ పద్యం మొత్తాన్ని, సందర్భం చెప్పకుండా, కర్త పేరు చెప్పకుండా ఒక వ్యాసంలో దించినా అది 14 పదాల హద్దు దాటదు. ఆంగ్ల వాక్యాన్ని దృష్టిలో పెట్టుకొని చేసిన ఈ లెక్క, సమాసాలతో, సంధులతో, పదానికే అతుక్కునే విభక్తులతో నడిచే భాషలో ఇలా పరిణమిస్తుంది. వచనంలోనూ ఇదే స్థితి. ‘చెప్పాడు’ను ‘పేర్కొన్నారు’గా, ‘పోతనలో’ను ‘పోతన యందు’గా మార్చితే యంత్రానికి రెండూ వేర్వేరు పదాలు.

మరో చిక్కు అచ్చుది. తెలుగులో నిన్నమొన్నటి వరకు వచ్చిన పుస్తకాల్లో అధికభాగం యూనికోడ్‌కు ముందరి ఖతులతో కూర్చినవి. వాటి పాఠం యంత్రానికి తెలుగుగా కనిపించదు. అంతకుముందరి సిద్ధాంతవ్యాసాలు చాలావరకు గ్రంథాలయాల బీరువాల్లో ఉన్నాయి, లేదా బొమ్మలుగా మాత్రమే అంతర్జాలంలోకి ఎక్కాయి. వాటిలోంచి పుటలకు పుటలు ఎత్తి రాసినా నివేదికలో సున్నా రావచ్చు. అదే సమయంలో ఆకరాలు సక్రమంగా ఇచ్చి, అంతర్జాలంలో ఉన్న శతక పద్యాలను విరివిగా ఉదాహరించిన విద్యార్థి, ఉల్లేఖనాలను మినహాయించకుండా పరీక్షిస్తే పెద్ద శాతంతో బెంబేలెత్తవచ్చు. ఈ స్థితిలో పరిశోధకుడి తెలివి చదవడం మీద కాక శాతాన్ని తగ్గించడం మీద ఖర్చవుతుంది. పదాలు మార్చడం, వాక్యాన్ని తిరగేయడం ఒక నైపుణ్యంగా స్థిరపడుతుంది. రాజశేఖరుడు దానికి ఎప్పుడో పేరు పెట్టాడు, ఆచ్ఛాదకత్వమని.

ఏ శాతానికీ దొరకని చౌర్యం మరొకటి ఉంది. అజామిళోపాఖ్యానం నుంచి పద్యం ఉదాహరించి కింద ‘పోతన’ అని రాయడం, జడభరతుడి కథను చర్చిస్తూ ‘పోతన చిత్రణ’ అని శీర్షిక పెట్టడం తెలుగు వ్యాసాల్లో, పాఠాల్లో అరుదు కాదు. ముఖపత్రం మీద పోతన పేరొక్కటే ఉండే ముద్రణలు ఈ పొరపాటుకు తోడ్పడ్డాయి. దీన్ని చౌర్యం అనడం కఠినంగా తోచవచ్చు. రాసినవారు తమకేమీ తీసుకోలేదు కదా అన్న సమాధానం రావచ్చు. కాని ఇక్కడ ఒకరి శ్రమ మరొకరి ఖాతాలోకి పోయింది. అదీ పేరు లేనివాడి సొత్తు పేరున్నవాడికి పోవడం. అవంతిసుందరి వినిపించిన మొదటి సాకును ఇక్కడ కవి తరఫున పరిశోధకుడే చెబుతున్నాడు. గద్య దాకా పుట తిప్పి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు. సింగన తన పేరును స్కంధం చివర, ఎవరూ వెతక్కుండా దొరికే చోటనే పెట్టాడు.

భాగవతం మీద వచ్చే సిద్ధాంతవ్యాసాల్లో ‘పోతన భాగవతం’ అన్న శీర్షిక కింద ఐదు, ఆరు, పదకొండు, పన్నెండు స్కంధాల ఉదాహరణలు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్నింటికి అసలు కర్త పేరు ఉందో లెక్కతీయడం ఒక చిన్న పరిశోధనకు తగిన పని. దానికి యంత్రం అక్కరలేదు. సూచికలో స్కంధం సంఖ్య పక్కన గంగన, సింగన, నారయ అన్న మూడు పేర్లలో తగినది ఉందో లేదో చూస్తే సరిపోతుంది.